రౌండు వేయని సైకిలు

ఇది మూడు ఊళ్ళను కుదిపేసిన ఒక మహాయుద్ధం కథ. ఇందులో ఒక కొండ ఉంది, కొండ మీద కోట ఉంది, పట్టు ఉంది, గాయపడిన యోధుడు ఉన్నాడు, ఎదుటి పక్షంలో స్వయానా మా అమ్మ ఉంది. యుద్ధం ఎనిమిది నెలలు సాగింది. చదివేవాళ్ళు మంచినీళ్ళ చెంబు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి.

అంత లేదు. ఇది సైకిల్ హ్యాండిల్‌కు కుడివైపు ఉండే ఒక రబ్బరు పిడి కథ. జానెడు కూడా ఉండదు. మూడు ఊళ్ళు అన్నది మాత్రం నిజం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. వాటిలో ఏదీ కుదుపుకు గురికాలేదు. ధర్మవరంలో ఒక మేక బెదిరింది.

మా నాయనకు హిందూపురంలో సైకిల్ అంగడి ఉంది. అమ్మడం తక్కువ, బాగుచేయడం ఎక్కువ. చింతపండు మండీకి పోయే వీధిలో, ఇనుప సామాన్ల అంగడికీ ఎండు మిరపకాయల గోడౌనుకూ మధ్యన ఉంటుంది. అందుకే మా అంగడిలో ఎవరికి ఏ భావోద్వేగం కలిగినా ముందు తుమ్ము వస్తుంది.

ఆ అంగడికి ఒక ఆచారం ఉంది. బాగైన సైకిల్‌ను మా నాయన స్వయంగా ఒక రౌండు తొక్కి చూడనిదే ఇవ్వడు. చక్రం మార్చినా సరే, ఉత్త పంక్చర్ అతికించినా సరే. రౌండు దారి కూడా మారదు, అంగడి ముందు నిలబడితే అంతా కనిపిస్తుంది. అంగడి నుంచి మండీ, మండీ నుంచి రైల్వే బ్రిడ్జి, బ్రిడ్జి సగం ఎక్కి వెనక్కి. సగమే ఎందుకని చిన్నప్పుడు అడిగాను.

"సగం ఎక్కితే సైకిల్ గుణం తెలుస్తాది పాపా. మొత్తం ఎక్కితే మన గుణం తెలుస్తాది."

స్కూలు నుంచి నేరుగా అంగడికి వచ్చేదాన్ని. నాయన ముందు కడ్డీ మీద టవలు మడిచి వేసి నన్ను కూర్చోబెట్టుకుని రౌండుకు బయలుదేరేవాడు. మండీ దగ్గర గోనెల మీద కొత్త చింతపండు పరిచి ఉండేది. ఆ పులుపు వాసనకు నోట్లో నీళ్ళూరేవి. నాయన మాట్లాడేవాడు కాదు. వినేవాడు. కాసేపు తొక్కి, కాళ్ళు ఆపి, చక్రాన్ని దాని దారిన పోనిచ్చేవాడు. వెనక నుంచి టిక్‌టిక్‌మని చప్పుడు వచ్చేది.

"ఏం వినిపిస్తాంది పాపా?"

"ఆకలి."

"సైకిల్‌దా, నీదా?"

అంగడికి తిరిగొచ్చాక, "ఎడమ పెడల్‌లో ఒక గుండు పగిలుండాది" అనేవాడు. విప్పితే నిజంగానే పగిలిన బేరింగు గుండు ఒకటి అరచేతిలోకి దొర్లేది. దాన్ని నాకిచ్చేవాడు. నా పెన్సిల్ డబ్బాలో పెన్సిళ్ళ కన్నా పగిలిన గుండ్లు ఎక్కువుండేవి. అదంతా మంత్రమని నమ్మాను. తర్వాత నాలుగేళ్ళు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి తెలుసుకున్నదేమిటంటే అది మంత్రం కాదు, అయినా నాకు రాదు.

పోయిన ఏడాది నాయన కుడి మోకాలు పాడైంది. డాక్టరు ఫోటో తీయించి, లోపల అరిగిపోయిందని చెప్పాడు. నడవచ్చు, తేలిగ్గా తొక్కవచ్చు, కాని బలం పెట్టి తొక్కకూడదు. బ్రిడ్జి అసలు ఎక్కకూడదు. నాయన దాన్ని తన భాషలోకి మార్చుకుని ఇంటికొచ్చాడు.

"బేరింగు అరిగిందంట. మార్చల్లంట."

"మార్పిద్దాం నాయనా."

"ఈ మోడల్‌కి స్పేర్లు ఇప్పుడు రావడంలే."

నవ్వాడు గాని, మరుసటి రోజు నుంచి రౌండ్లు ఆగిపోయాయి. పని ఆగలేదు. సైకిళ్ళు వస్తాయి, బాగవుతాయి, గోడకు ఆనుకుని నిలబడతాయి. రౌండు కాలేదు కాబట్టి ఇవ్వడు. చూస్తుండగానే ఏడు సైకిళ్ళు వరుసగా నిలబడ్డాయి, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు. బెల్లం మండీలో తూకం వేసే పెద్దాయన ఒకాయన రోజూ వచ్చి తన పచ్చ సైకిల్‌ను చూసి పోయేవాడు.

"ఏమప్పా, అయిపాయనా?"

"అయిపాయ. రౌండు కాలే."

"ఆ రౌండేందో నేనే యేసుకుంటా, ఇయ్యప్పా."

"సొంత సైకిల్ చప్పుడు సొంతోనికి వినపడదప్పా. నాలుగు దినాలు ఆగు."

ఆ నాలుగు దినాలు అయ్యేవి కావు. ఒకరోజు నేనే ఆ పచ్చ సైకిల్ మీద రౌండు వేసొచ్చాను. నాయన ఆశగా లేచాడు.

"ఎట్లుండాది?"

"బాగుంది నాయనా."

"బాగుంది అంటే?"

"బాగుంది."

"ఇడ్లీ గురించి చెప్తాండావా, సైకిల్ గురించా?"

అమ్మ వారం రోజులు ఓపిక పట్టింది. తర్వాత నాయన పక్కనే ఉండగా నాతో అంది: "మీ నాయనకు చెప్పు. ఇచ్చుకోలేని సైకిళ్ళు పెట్టుకోని కూర్చునేది అంగడి కాదు, స్టాండు. వచ్చే ఎండాకాలం అయ్యేలోపల షట్టరు ఆ ఇనుప సామాన్లాయనకు ఇచ్చేయమను. ఆయప్ప ఎప్పట్నుంచో అడుగుతాండాడు."

నాయన స్పానర్లు తుడిచి సైజు ప్రకారం పేర్చాడు. ఆ స్పానర్లు ఎప్పుడూ సైజు ప్రకారం లేవు. నాకు భయమేసింది అక్కడే.

నేను పనిచేసేది ఊరి బయట ఇండస్ట్రియల్ ఏరియాలో, మొత్తం నలుగురున్న కంపెనీలో. సారు కూడా ఆ నలుగురిలోనే లెక్క. మామూలు గేర్ల సైకిల్లో చిన్నా పెద్దా పళ్ళచక్రాలుంటాయి. చైను ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి దూకుతుంది. ఒకటి, రెండు, మూడు. మేము పనిచేస్తున్న దానిలో దూకడం లేదు. వెనక చక్రం నడుమ ఒక డబ్బా, దానిలో నున్నటి గుండ్లు. హ్యాండిల్ పిడి తిప్పితే అవి వంగుతాయి. ఎంత వంగితే అంత తేలిక, లేదా అంత బరువు. ఒకటికీ రెండుకీ మధ్యన ఎన్ని గేర్లున్నాయంటే లెక్కలేదు: తిప్పి రేడియో గొంతు పెంచే మీటకు మెట్లుండవు కదా, అలాగే. డబ్బా బయటి నుంచి వస్తుంది. తిప్పే పిడి మాది. నా డిజైను.

సారు దీనికి కరపత్రం రాయించాడు: 'మెట్లు లేని గేరు'. చదివినవాళ్ళు రెండు రకాలుగా అడిగేవాళ్ళు. గేర్లు లేవా, మా సైకిల్‌కి కూడా లేవు కదా అని కొందరు. మెట్లు లేకుండా కొండ ఎట్ల ఎక్కేది అని పెనుకొండలో ఒకాయన. సైకిల్‌తో కోట మెట్లెక్కడం ఆయన ఉద్దేశమా అని నేను అడగలేదు.

నా లెక్క వేరే. ఈ డబ్బా, ఈ పిడి మా నాయన నల్ల సైకిల్‌కు తగిలిస్తే బ్రిడ్జి కూడా చదును రోడ్డులాగే తొక్కొచ్చు. మోకాలికి బరువు తెలియదు. రౌండు మళ్ళీ మొదలవుతుంది. అంగడి ఉంటుంది. దీనికి పిడి సరిగా కుదరాలి, అంతే. ఎండాకాలం అయ్యేలోపల.

పిడి కుదరలేదు.

మొదటి పిడి పట్టుకుని పెనుకొండ పోయాను. మా పద్ధతి ఏమిటంటే, సైకిల్ ఇచ్చి ఏమీ చెప్పకుండా నిలబడి చూడడం. కొండ ఎక్కుడు మొదట్లో ఒక పాలాయన దొరికాడు. రెండు క్యాన్లు తగిలించుకుని బయలుదేరాడు. ఎక్కుడు పెరిగింది. ఆయన పిడిని తనవైపుకు తిప్పాడు. సైకిల్ మొరాయించింది. ఇంకా తిప్పాడు. ఆగిపోయింది. దిగి, క్యాన్ల మూతలు సరిచూసుకుని నావైపు చూశాడు.

"ఏమ్మా, ఇది ఎక్కేకొద్దీ ఎదురు తిరుగుతాది."

"అన్నా, అటు తిప్పితే బరువవుతుంది. ఇటు తిప్పాలి."

"మోపెడ్‌కి ఇట్ల తిప్పితే కదా శక్తి వచ్చేది. గట్టిగా తిప్పితే గట్టిగా పోవల్ల గదా?"

ఆయనది తప్పు కాదు. మా జిల్లాలో మనిషి కుడిచేతికి తెలిసిన విద్య ఒకటే, మోపెడ్ ఆక్సిలరేటర్. సరే అని తిరిగొచ్చి, దిక్కు తిరగేశాను. ఈసారి తనవైపుకు తిప్పితే తేలిక. కొండ మీద పాలాయన హాయిగా ఎక్కాడు. దిగాక చదును రోడ్డు మీద వేగం కోసం అదే వైపు తిప్పాడు. కాళ్ళు గిరగిరా తిరిగాయి, సైకిల్ అక్కడక్కడే ఉంది.

"ఇప్పుడు మిక్సీ మాదిరుండాది" అన్నాడు.

మిట్ట మీద 'ఇంకా' అంటే ఇంకా తేలిక. చదును మీద 'ఇంకా' అంటే ఇంకా వేగం. పిడికి ఉన్నవి రెండే దిక్కులు. ఎటు తిప్పినా సగం మందికి ద్రోహం చేసినట్టే. అంకెలు వేద్దామన్నాడు సారు. లేని మెట్లకు అంకెలెలా వేస్తాం అన్నాను. జనానికి అంకె కనిపిస్తే ధైర్యం అన్నాడు సారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా వేశాం. పాలాయన అడిగాడు, "ఐదు అంటే ఏంది?" ఐదు అంటే నాలుగు తర్వాతది.

ఈలోగా ఉగాది పోయింది. ఇనుప సామాన్లాయన మా అంగడిలోకి వచ్చి గోడల పొడవు కళ్ళతోనే కొలిచి పోవడం మొదలుపెట్టాడు.

ధర్మవరం పొమ్మన్నది నాయనే. అక్కడ మగ్గం నేసే ఆయన ఒకాయన నాయనకు చిన్నప్పటి సావాసగాడు. "వానికి చూపించు. చేతులు మంచివి" అన్నాడు. వెళ్ళాను. ఆయన మగ్గం గుంటలోంచి లేచొచ్చి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, పిడి పట్టుకున్నాడు. ఎక్కి, వీధి చివరిదాకా పోయి వచ్చాడు. అంకెలవైపు ఒక్కసారి కూడా చూడలేదు. మళ్ళీ పోయి ఈసారి కళ్ళు మూసుకుని తొక్కాడు. మేక బెదిరింది ఇక్కడే.

"మామా, కళ్ళు తెరవండి."

"యాల? చూసేకి ఏముండాది ఆడ?" దిగి, పిడిని ముందుకూ వెనక్కూ మెల్లగా తిప్పాడు. "ఇట్ల బిగి. ఇట్ల సడలు. అంతే గదమ్మా. పడుగు ఎంత బిగి మీదుండాదో కండ్లతో చూస్తామా? చెయ్యి పెడితే తెలుస్తాది. నీ పిడి ఎటు తిప్పినా ఒకే తీరుగుండాది, చెయ్యికి ఏమీ చెప్పదు. అందుకే అంకెలు యేసినావు."

తర్వాత కాఫీ ఇచ్చి, మీ నాయన రౌండ్లు యేస్తాండాడా అని అడిగాడు. కాఫీ బాగుందని చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాకు జ్ఞానోదయమైంది. చెట్టు కింద కాదు. సీటు దొరక్క, పైనున్న కడ్డీ పట్టుకుని వేలాడుతున్నాను. కిటికీలో పెనుకొండ కొండ కనిపించేసరికి చెయ్యి పీకి, పట్టు దానంతటదే సడలింది. అలసిన చెయ్యి ఎవరూ చెప్పకుండానే సడలుతుంది. అంతే. పిడిలో ఒక స్ప్రింగు. బరువు గేరు వైపు తిప్పేకొద్దీ పిడి చేతిలో బిగుస్తుంది. వదిలినకొద్దీ తేలిక వైపు జరుగుతుంది. ఎక్కడ ఆపితే అక్కడ నిలిచేంత ఒరిపిడి ఉంటుంది, కాని సడలడానికి బలం అక్కర్లేదు. మిట్ట ఎక్కుతూ మనిషి అలిసిపోతే చెయ్యి సడలుతుంది, చెయ్యి సడలితే సైకిల్ తేలికవుతుంది. మోపెడ్ వాళ్ళకూ ఇబ్బంది లేదు: బిగిస్తే వేగం, వదిలితే నిమ్మళం.

సారు మూడుసార్లు తిప్పి చూసి, "అంకెలు?" అన్నాడు. తీసేశాను. కాని ఏదో ఒకటి రాసి ఉండాలన్నాడు. ధర్మవరం మామ మీద గౌరవంతో రెండు స్టిక్కర్లు కొట్టించాను. పిడికి పై అంచున 'బిగి', కింది అంచున 'సడలు'. ఎంత బాగున్నాయంటే, ఫోటో తీసుకున్నాను.

మే నెల చివర్లో నాయన నల్ల సైకిల్‌కు అంతా బిగించి, అంగడిలో పెట్టి, డ్యూటీకి పోయాను. సాయంత్రం వచ్చి రౌండు వేయిద్దామని. వచ్చి పిడి తిప్పబోతే తిరగలేదు. రాయిలాగుంది.

"నాయనా, దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనే బిగించినా."

"ఎందుకు?"

"నువ్వే గదా రాసినావు, బిగి అని. స్క్రూ పక్కనే రాసుండాది. ఒక చుట్టు బిగించినా. బాగా పట్టింది."

ముప్పై ఏళ్ళుగా స్పానర్ పట్టినవాడికి 'బిగి' అంటే స్థితి కాదు, ఆర్డరు. నేత నేసేవాడికి చేతికి తగిలేది, మెకానిక్‌కు చేతితో చేసేది.

"మరి 'సడలు' అని కూడా రాసుంది కదా నాయనా?"

"చూసినా. బిగించమని రాసి, మళ్ళా సడలించమని ఎవరైనా రాస్తారా? ప్రింటింగు తప్పేమో అనుకుంటి."

స్టిక్కర్లు రెండూ గోటితో గీకి తీసేశాను. లోపల స్ప్రింగు నలిగిపోయింది. కొత్తది చేయించి తెచ్చేసరికి ఇంకో పది రోజులు. ఎండాకాలం అయిపోయింది. మొదటి వాన కూడా పడింది. వాన పడిన మరునాడు ఇనుప సామాన్లాయన టేపు పట్టుకుని వచ్చాడు. అమ్మ అంగడి దగ్గరే ఉంది. "ఇంకొక గంట ఆగన్నా" అంది. ఎండాకాలం గడువు పెట్టింది ఆమే, గంట కలిపింది ఆమే. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరూ ఆమెకు గుర్తుచేయలేదు. ధైర్యం లేదు.

నాయన నల్ల సైకిల్ ఎక్కాడు. పిడి మీద ఇప్పుడు ఏమీ రాసి లేదు. నేను ఏమీ చెప్పలేదు. మండీ దాటాడు. బ్రిడ్జి మొదట్లో భుజాలు ఎప్పటిలాగే ముందుకు వంగాయి, వెంటనే మళ్ళీ నిటారుగా అయ్యాయి. చెయ్యి సడలించాడన్నమాట. సగం దాకా ఎక్కాడు. అక్కడ తిరగలేదు. ఇంకొంచెం పోయాడు. పైదాకా పోయి, కాసేపు నిలబడి, రైలు పట్టాలు చూసి, అప్పుడు వచ్చాడు.

నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఎనిమిది నెలలు.

నాయన దిగి, స్టాండు వేసి, గోడకున్న ఏడు సైకిళ్ళవైపు చూశాడు.

"శానా బాగుండాది పాపా. ఇప్పుడు ఈ ఏడిటికీ ఈ చక్రమే తగిలించి రౌండు యేసి, మళ్ళా ఊడదీసి ఇయ్యల్లనా?"

ఇనుప సామాన్లాయన టేపు చప్పుడు చేసుకుంటూ లోపలికి చుట్టుకుంది. రౌండు వేయాల్సింది వాళ్ళ సైకిల్ మీద. వాళ్ళ సైకిల్‌లో ఈ డబ్బా ఉండదు. నాలుగేళ్ళ ఇంజనీరింగ్, ఎనిమిది నెలల డిజైను, మూడు ఊళ్ళు, ఒక మేక. ఈ మాట మాత్రం నాకు తట్టలేదు.

"నీకు ముందే తెలుసా నాయనా?"

"మొదటి దినమే తెలుసు."

"మరి చెప్పలేదే?"

"పదో తరగతి అయినాక నువ్వు ఎప్పుడో ఒకసారి తప్ప అంగడి మెట్టు ఎక్కలే. ఇది మొదలుపెట్టినాక రోజూ వస్తాంటివి. చెప్తే రావని చెప్పలే."

ఇక్కడ నా కళ్ళు చెమర్చాయని రాయాలి. నాకు తుమ్ములు వచ్చాయి, వరుసగా నాలుగు. గోడౌనులో ఆ రోజు కొత్త మిరపకాయలు దింపారు. అమ్మకు కూడా వచ్చాయి. ఇనుప సామాన్లాయనకు మాత్రం రాలేదు, ఆయనకు అలవాటు.

అప్పుడే బెల్లం మండీ పెద్దాయన వచ్చాడు. ఆ రోజు కూడా అదే ప్రశ్నతో. ఈసారి జవాబు కోసం ఆగలేదు. పచ్చ సైకిల్‌ను తానే గోడ నుంచి లాగాడు.

"నేను తొక్కుకుంటా పోతా. నువ్వు నీ సైకిల్ ఎక్కి పక్కనే రా. వినేది చెవులతోనే గదప్పా, పిర్రలతో కాదు గదా."

నాయన ఆయన్నీ, పచ్చ సైకిల్‌నీ, నల్ల సైకిల్‌నీ చూశాడు. సొంత సైకిల్ చప్పుడు సొంతోనికి వినపడదు. పక్కవానికి వినపడుతుంది. ఇద్దరూ బయలుదేరారు.

అంగడి ముందే నిలబడి చూశాను. పెద్దాయన తొక్కుడు ఒక తీరుగా ఉండదు. కాసేపు పరుగు, కాసేపు ఆలోచన. నాయన ఆయన పక్కనే, ఒక చక్రం కూడా ముందు వెనక కాకుండా, మెడ కొద్దిగా వంచి పోతున్నాడు. వేగం మారినప్పుడల్లా చెయ్యి బిగిసింది, సడలింది. గేరు మారిన చప్పుడు లేదు. మెట్లు లేవు కదా. మామూలు గేర్ల సైకిలైతే దాని చైను టకటకలకే ఆ పచ్చ సైకిల్ గుట్టు దాగిపోయేది. మేము ఎవరమూ అనుకోని ఉపయోగం అది. బ్రిడ్జి సగం ఎక్కి తిరిగారు. ఇద్దరూ కాళ్ళు ఆపి, రెండు సైకిళ్ళనూ వాటి దారిన పోనిచ్చారు. చిన్నప్పుడు కడ్డీ మీద కూర్చున్న పిల్లకు అక్కడ చోటు లేదు, ఉన్నా సరిపోను. అయినా నాకు చింతపండు వాసన వచ్చింది.

"ఎనక చక్రంలో ఒక గుండు తక్కువుండాది" అన్నాడు నాయన దిగుతూనే. "నేనే మర్చిపోయింటా. కూర్చోప్పా, పది నిమిషాలు."

విప్పితే తక్కువే ఉంది. అమ్మ ఇనుప సామాన్లాయనకు టీ తెప్పించింది. షట్టరు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ వారంలో ఏడు సైకిళ్ళూ వాటి వాటి ఇళ్ళకు పోయాయి. ఇప్పుడు సైకిల్ తీసుకోవడానికి వచ్చినవాళ్ళు నాయనతో కలిసి రౌండు వేసే పోవాలి. కొందరికి అది మొహమాటం, కొందరికి కాలక్షేపం. బెల్లం మండీ పెద్దాయన సైకిల్ బాగున్నా వస్తున్నాడు.

సారుకు రిపోర్టు రాశాను: పిడి ముఖ్య ఉపయోగం, పక్కవాళ్ళతో కలిసి పోవడం. ఇది కరపత్రంలో వేయలేం అన్నాడు. మా పిడి ఇంకా మార్కెట్‌లోకి రాలేదు. హిందూపురంలో ఒక్కటే ఉంది.

అంగడి సాగుతోంది. పిడి నుంచి వెనక చక్రానికి పోయే కేబుల్ కూడా సాగుతుంది. మొదటిది మంచిదే, రెండోది కాదు. నెలకోసారి పిడి కిందున్న మరను అర చుట్టు బిగించాలి. ఒక చుట్టు కాదు, అర చుట్టు.